చెప్పి పోయిన ధర్మం



ఛందస్సు గురించో, పాత నిఘంటువుల గురించో వ్రాసుకోవడం నాకు సుఖం. ఈసారి విషయం అది కాదు. మనిషి తాను పోయిన తరువాత తన ఆస్తిలో కొంత భాగం ధర్మకార్యానికి చెందాలని వ్రాసి పోయే ఆచారం మన దేశంలో ఎలా సాగింది, అలా వ్రాసినవారి మాట ఎంతవరకు నిలిచింది అన్నది ఇందులో విషయం. దీన్ని నేను పుస్తకాల్లో వెదకడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పుకొంటాను.

మా బడిలో నాతోపాటు పనిచేసిన లెక్కల ఉపాధ్యాయుడు ఒకరుండేవారు. స్టాఫురూములో ఎన్నో ఏళ్లు ఎదురెదురు కుర్చీలు మావి. ఉద్యోగవిరమణ తరువాత సాయంకాలాలు సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద కలిసి నడిచేవాళ్లం. ఒకనాడు నడుస్తూ నడుస్తూ ఆగి, “పండిత్‌జీ, నేను పోయినంక నా పైసలల్లకెళ్లి లక్ష రూపాయలు మన బడి లైబ్రరీకి పోవాలె. కాయితం రాస్త” అన్నారు. రాయలేదు. నాలుగు నెలలకే పోయారు. పదకొండో దినం నాడు వారి పెద్దబ్బాయి నన్ను పక్కకు పిలిచి అడిగాడు: “సారూ, మా బాపు మీతోటి ఏమన్న చెప్పిండా?”

“ఏం చెప్పలేదు బిడ్డా” అన్నాను.

ఆ ఇంట్లో అప్పటికి ఆసుపత్రి అప్పు ఉంది. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంది. ఏడుస్తున్న ఇంట్లో లక్ష రూపాయల మాట ఎలా ఎత్తాలి అనుకొన్నాను. అప్పుడది దయ అనిపించింది. ఇంటికి వచ్చి మా ఇంటావిడతో చెబితే, “ఇచ్చుడు ఇయ్యకపోవుడు వాళ్ల ఇష్టం. మీరైతే చెప్పేది ఉండె” అన్నది. ఇది జరిగి నాలుగేళ్లయింది.

ఆ తరువాత ధర్మశాస్త్ర గ్రంథాలు తిరగవేస్తుంటే కాత్యాయనుని పేర ఉన్న ఒక శ్లోకం కంటబడింది. దాని తాత్పర్యం ఇది: ఆరోగ్యంగా ఉన్నవాడు గాని, రోగంతో ఉన్నవాడు గాని, ధర్మం కోసం ఇస్తానని వినిపించి ఇవ్వకుండానే మరణిస్తే, దాన్ని అతని కుమారుని చేత ఇప్పించాలి, ఇందులో సందేహం లేదు. ఇక్కడ స్మృతికారుడు వాడిన మాట ‘శ్రావితం’. వ్రాయబడినది అనలేదు, వినిపింపబడినది అన్నాడు. వినిపించాలంటే వినేవాడొకడు ఉండాలి కదా. ఆ చెరువుకట్ట మీద విన్నవాణ్ణి నేనే. ముప్పయ్యేళ్లు సంస్కృత ప్రత్యయాలు చెప్పి బ్రతికినవాణ్ణి. ఒక్క క్త ప్రత్యయం నన్ను పట్టుకొన్నట్లు ఏ పరీక్షాధికారీ పట్టుకోలేదు.

మన పూర్వులకు వీలునామా అనే ఏర్పాటు తెలియదని చెప్పడం పరిపాటి. అది చాలావరకు నిజమే. మాటనే చూడండి. ‘వీలు’ అంటే అనుకూలం కాబట్టి, వీలు చూసుకొని వ్రాసేది వీలునామా అని చమత్కరించిన విద్యార్థి ఒకడు నా తరగతిలో ఉండేవాడు. వాడికి ఆ రోజు మార్కులు వేయలేదు గాని, నవ్వాను. ఆ వీలు మన వీలు కాదు, ఇంగ్లీషువారి విల్లు. దానికి రాజీనామా, కరారునామాలలో ఉన్న పారసీక ‘నామా’ వచ్చి అతికింది. మా చిన్నతనంలో ఇక్కడి పెద్దలు వసీయత్ అనేవారు. నిజాం రాజ్యపు కచేరీల భాష అది. పండితులు మరణశాసనం అన్నారు. నాకు ఈ చివరి మాట ఇష్టం. శాసనం అనగానే రాయి గుర్తుకు వస్తుంది.

తాను పోయాక ఆస్తి ఎవరికి చెందాలో ఇష్టం వచ్చినట్లు వ్రాసే అధికారం మన వైపు గృహస్థుకు లేకపోవడానికి మూలం మితాక్షర. విజ్ఞానేశ్వరుడు చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో, కల్యాణనగరంలో ఆ వ్యాఖ్య వ్రాశాడు. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లా బసవకల్యాణం. ఒకప్పటి మా ఉమ్మడి మెదకు జిల్లాకు పొరుగు. పదమూడవ శతాబ్దంలో మన కేతన, అంటే ఆంధ్రభాషాభూషణం వ్రాసిన కేతనే, దాన్ని విజ్ఞానేశ్వరీయమన్న పేర తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. న్యాయశాస్త్రాన్ని పద్యంలో చెప్పడం నేటివారికి వింతగా తోచవచ్చు గాని, నోటికి రావలసినది పద్యంలోనే ఉండాలని వారి లెక్క. మితాక్షర ప్రకారం పుత్రునికి పితృపితామహుల ఆస్తిలో హక్కు పుట్టుకతోనే వస్తుంది. అది తండ్రి ఒక్కడిది కానప్పుడు, చనిపోతూ ఎవరికో వ్రాసి ఇవ్వడానికి అతడెవరు? ఆపద, కుటుంబపోషణ, ధర్మకార్యం, ఈ మూడింటికి మాత్రం కొంత సడలింపు ఉంది. అంటే ఉన్న ఒక్క చిన్న తలుపూ ధర్మం వైపే తెరుచుకొంటుంది.

మరి దానం చేయదలచినవారు ఏం చేశారు? బ్రతికి ఉండగానే చేశారు. రాతి మీద చెక్కించారు. సప్తసంతానాలని మనం పిల్లలకు వల్లెవేయించే జాబితాలో కన్నకొడుకు ఒకడు మాత్రమే. చెరువు, తోట, గుడి, అగ్రహారం, కావ్యం, నిధి మిగిలినవి. నా ఉద్యోగకాలమంతా ఈ జాబితాను అలంకారంగానే బోధించాను. ఇప్పుడు చూస్తే అది వారసుల పట్టిక. కొడుకుకు ఎంత హక్కుందో చెరువుకూ అంత హక్కుందని చెప్పడమే దాని ఉద్దేశమేమో. మా కోమటిచెరువుకు ఆ పేరు ఉంది కాబట్టి ఏ వర్తకుడో కట్టించాడని నలుగురితోపాటు నేనూ అనుకొంటాను గాని, పేరు చూసి కథ అల్లడం చరిత్ర కాదు కనుక అంతటితో ఆపుతాను.

రాతి మీది దానాలలో మల్కాపురం శాసనాన్ని మించినది మన దేశంలో అరుదు. నేటి గుంటూరు వైపు మందడం ప్రాంతానిది. 1261లో రుద్రమదేవి గోళకీమఠాచార్యుడు విశ్వేశ్వరశివునికి ఇచ్చిన గ్రామాల వివరం అందులో ఉంది. గుడి, మఠం, విద్యార్థులు, అన్నసత్రం ఉండటం ఆశ్చర్యం కాదు. వాటితోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. దాత పేరు, గ్రహీత పేరు, గ్రామాల పేర్లు, ఏది ఎందుకన్నది, అన్నీ స్పష్టం. ఇటువంటి శాసనాల చివర ఒక శాపం ఉండటం ఆనవాయితీ: తానిచ్చినదైనా, ఇతరులిచ్చినదైనా ఈ భూమిని హరించినవాడు అరవై వేల ఏండ్లు అమేధ్యంలో పురుగై పుడతాడని. శాపాన్ని చూసి నవ్వుకొన్న రోజులున్నాయి. కానీ వారి పద్ధతిని ఆలోచించండి. దానపత్రాన్ని పెట్టెలో దాచుకోలేదు; ఊరి నడుమ నిలబెట్టారు. దారిన పోయే ప్రతివాడూ సాక్షి. అదీ శ్రావితమే, రాతి గొంతుతో.

పెట్టెలో దాచిన కాగితం గతి ఏమిటో తెలియాలంటే మద్రాసు వెళ్లాలి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు అది తెలుగువారికీ రాజధానే. అక్కడి పచ్చయప్ప కళాశాల పేరు వినని పాతతరం తెలుగువాడు ఉండడు. శ్రీనివాస రామానుజన్ 1906లో చేరి, గణితంలో తప్ప మిగిలిన వాటిలో మనసు పెట్టక ఎఫ్.ఎ. తప్పింది అక్కడే. ఆ కళాశాల ఒక మరణశాసనం నుండి పుట్టింది. అయితే ఆ శాసనం వ్రాసినవాడు కళాశాలను తలచుకొన్నవాడు కాడు.

పచ్చయప్ప మొదలియారు 1754లో మద్రాసుకు ఉత్తరాన పెరియపాళయంలో, తండ్రి పోయిన తరువాత పుట్టిన బిడ్డ. తల్లి ఆ పిల్లలను వెంటబెట్టుకొని మద్రాసు చేరింది. నారాయణపిళ్లె అనే దుబాసీ వారిని ఆదుకొన్నాడు. దుబాసీ అంటే ద్విభాషి. కుంపెనీ దొరలకూ దేశీయులకూ మధ్య మాటలూ లెక్కలూ నడిపేవాడు. పచ్చయప్ప కూడా ఆ వృత్తిలోనే ప్రవేశించి, చిన్న వయసులోనే పెద్ద సంపద గడించాడు. కొడుకులు లేరు. నలభై యేళ్లకు జబ్బుపడి, 1794 మార్చిలో తన ఆస్తిని ధర్మానికి వ్రాసి, ఆ నెలాఖరున కావేరీతీరంలోని తిరువయ్యారులో కన్నుమూశాడు. దైవసేవ, అన్నదానం మొదలైనవి ఆయన కోరినవి. నిర్వహణభారం తనను పెంచిన నారాయణపిళ్లె మీదే పెట్టాడు.

ఇందులో తప్పేముంది? చిన్ననాటి నుండి కడుపులో పెట్టుకొని చూసుకొన్న మనిషిని నమ్మడం తప్పా? కాదు. కానీ ఆ మనిషీ ఒకనాడు పోతాడు. ఆ తరువాత ఎవరు అన్నది వీగిపోయింది. బంధువులు, వారసులు, వ్యాజ్యాలు. సొమ్ము మద్రాసు సుప్రీంకోర్టులో చిక్కుకొంది. దీపాలు వెలగవలసిన చోట వెలగలేదు, విస్తళ్లు పడవలసిన చోట పడలేదు. మద్రాసు అడ్వొకేటు జనరలుగా ఉన్న జార్జి నార్టన్ పూనుకొనేదాకా ఇదే స్థితి. దైవకార్యాలకు కావలసినది తీసి పక్కన పెట్టి, ఏళ్ల తరబడి పేరుకొన్న మిగులు ధనంతో విద్యాలయం నడపవచ్చునని న్యాయస్థానం చేత ఒప్పించారు. 1842లో బడి తెరిచారు. 1850లో గ్రీకు దేవాలయం నమూనాలో స్తంభాల మండపంతో పచ్చయప్ప హాలు లేచింది. 1889లో అది కళాశాల అయింది.

1794 నుండి 1842కు నలభై ఎనిమిదేళ్లు. పచ్చయప్ప బ్రతికిన కాలం కంటె ఆయన మాట కోర్టులో పడి ఉన్న కాలమే ఎక్కువ.

న్యాయవాదులు దీనికి ‘సై ప్రె’ అనే పాత ఫ్రెంచి మాట చెబుతారు. దాత కోరినది యథాతథంగా జరగనప్పుడు, ఆయన మనసుకు వీలైనంత దగ్గరగా ఉన్న పనికి సొమ్ము మళ్లించడం. మనసుకు దగ్గర అన్నది ఎవరు తేల్చాలి? కోవెల దీపానికి ఇచ్చినవాడి మనసుకు ఇంగ్లీషు బడి దగ్గరా? నార్టన్ దగ్గరే అన్నాడు. వేలమంది చదువుకొన్నారు కాబట్టి మనమూ దగ్గరే అంటాం. పచ్చయప్ప ఏమనేవాడో చెప్పడానికి పచ్చయప్ప లేడు. ఫలితం బాగున్నందువల్ల ఈ ప్రశ్న పోయిందని నేననుకోను.

ఇక్కడ ఆల్ఫ్రెడ్ నోబెల్ గుర్తుకు వస్తాడు. న్యాయవాదుల మీద నమ్మకం లేక ఆయన తన చివరి వీలునామాను 1895 నవంబరు 27న పారిస్‌లో స్వయంగా వ్రాసుకొన్నాడు. బహుమతుల కోసం నిధి అన్నాడు గాని, ఆ నిధిని పట్టుకోవలసిన సంస్థ అప్పటికి లేనే లేదు. ఏ సంస్థలు బహుమతులను నిర్ణయించాలని వ్రాశాడో వాటిని ముందుగా అడగనూ లేదు. మరుసటి ఏడు డిసెంబరులో పోయాడు. బంధువులు ఎదురు తిరిగారు, స్వీడన్‌లో పెద్ద గొడవ అయింది. అయినా 1901లో మొదటి బహుమతులు ఇచ్చారు. పచ్చయప్పకు నలభై ఎనిమిదేళ్లు, నోబెల్‌కు అయిదేళ్లు. కాగితం గొప్పతనం కాదిది. లోపాలు రెండింటిలోనూ ఉన్నాయి. నోబెల్ నియమించిన నిర్వాహకులలో ఒకడైన రాగ్నార్ సోల్మన్‌కు అప్పటికి ఇరవై ఆరేళ్లు. తన పేరు అందులో ఉన్నదని కూడా ముందు తెలియదు. ఆ కుర్రవాడు అయిదేళ్లు ఆ పనినే మీద వేసుకొన్నాడు.

ఇక మన హైదరాబాదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949 మార్చి 2న చనిపోయినప్పుడు పెండ్లాం పిల్లలు లేరు, వీలునామా లేదు. ఉన్నదల్లా దివాన్‌దేవిడీ నిండా వస్తువులు. జీవితమంతా, సంపదంతా పెట్టి సేకరించిన బొమ్మలు, గడియారాలు, కత్తులు, కితాబులు. వారసులమని వచ్చినవారు చాలామంది. అవన్నీ వాటాలుగా విడిపోయి వేలం అంగళ్లలో పడి ఉండవలసింది. అలా కాలేదు. ప్రభుత్వం ఎస్టేటుకు ఒక సంఘాన్ని వేసింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించారు. 1958లో హైకోర్టు ఎదుట వారసులతో రాజీ కుదిరి సేకరణ జాతిపరమైంది. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. ఆరో తరగతి పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్లి, గంట కొట్టే గడియారపు బొమ్మ ముందు నిలబెట్టిన ప్రతి పంతులూ ఆ రాజీకి ఋణపడి ఉన్నాడు. వ్రాయనివాడి సేకరణ దక్కింది. వ్రాసినవాడి ధర్మం అర్ధశతాబ్దం ఆగింది. దీన్ని చూసి వ్రాయనక్కరలేదని అనుకోవడం మాత్రం తెలివి కాదు. సాలార్‌జంగు వెనుక ఒక ప్రభుత్వం నిలబడింది. లెక్కల సారు వెనుక నేను నిలబడవలసింది.

అందరికంటె నాకు సన్నిహితంగా తోచేది కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయన జమీందారు కాదు, దుబాసీ కాదు. రాజమహేంద్రవరంలోనూ, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోనూ తెలుగు పండితులు; అంటే మా కులవృత్తివారే. జీతం, పుస్తకాల మీద వచ్చినది, ముద్రణాలయం, అదీ ఆయన సంపాదన. సంతానం లేదు. 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహం జరిపించిన నాటి నుండి ఆయన ఇంటికి వచ్చి చేరిన ఆడపిల్లల భారమంతా భార్య రాజ్యలక్ష్మమ్మగారిది. వంటవాళ్లు మానేస్తే ఆమే వండింది. నీళ్లు తెచ్చేవాళ్లు రాకపోతే ఆమే గోదావరి నుండి తెచ్చింది. ఆయన గురించి వ్రాసే వ్యాసాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో పోతుంది. ఇక్కడా రెండు వాక్యాలే వ్రాయగలిగాను.

ఆ దంపతులు తమ తరువాత ఏమవుతుందని ఆలోచించినప్పుడు కాగితం వ్రాసి పెట్టెలో పెట్టలేదు. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజాన్ని స్థాపించారు. తన యావదాస్తిని దానికి ధారాదత్తం చేశారు. వితంతుశరణాలయం, పాఠశాల మొదలైనవన్నీ ఆ సమాజం కిందికి వచ్చాయి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు. పంతులుగారు 1919 మే 27న మద్రాసులో పోయారు. మధ్యనున్న ఆ పన్నెండు పదమూడేళ్లు నాకు ముఖ్యంగా తోస్తాయి. తానిచ్చినది తన కళ్ల ముందు ఎలా నడుస్తున్నదో చూసే అవకాశం దాతకు దొరికింది. ఎక్కడ కుంటుతున్నదో తెలిసింది; ఎవరు నమ్మదగినవారో, ఎవరు సభల్లో మాత్రమే మాట్లాడేవారో తెలిసింది. మరణశాసనంలో ఈ సౌకర్యం ఉండదు. పోయినవాణ్ణి ప్రశ్న అడగలేం.

ఆ సమాజం తరువాతి చరిత్ర పూర్తిగా సాఫీ అని చెప్పను. కాలక్రమంలో అది ప్రభుత్వ దేవాదాయశాఖ పర్యవేక్షణలోకి వచ్చింది. దైవారాధన పేర జరిగే తంతులతో జీవితమంతా పోరాడిన మనిషి ఆస్తి, గుళ్ల లెక్కలు చూసే శాఖ చేతికి రావడం చూసి పంతులుగారు ఒక ప్రహసనం వ్రాసేవారు. అయినా రాజమహేంద్రవరంలో ఆయన పేరిటా, రాజ్యలక్ష్మమ్మగారి పేరిటా విద్యాలయాలు నడిచాయి. ఆమె పేరు మీద ఉన్నది ఆడపిల్లల కళాశాల.

‘అంతా ఇచ్చేస్తే పిల్లలో?’ అని కొందరు చదువరులు అడుగుతారు. పంతులుగారికి పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. ఉన్నవారి మాట వేరు. మా వీధిలో ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడున్నారు. ఈ మాటే వారితో అంటే, ఇస్లాములో ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారని చెప్పారు. వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతు మించి వసీయత్ చేయడానికి లేదట. దీనికి ఆధారంగా వారొక ప్రసిద్ధమైన హదీసు చెప్పారు. సాద్ అనే అనుచరుడు జబ్బుపడి, తనకు ఒక్క కూతురే కాబట్టి ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నాడు. ప్రవక్త వద్దన్నారు. సగం అన్నాడు. వద్దన్నారు. మూడో వంతు చాలు, అదీ ఎక్కువే, వారసులను ఒకరి ముందు చేయి చాచేటట్లు వదలడం కంటె కలిగినవారుగా వదలడం మేలు అన్నారట. మితాక్షర కొడుకు వైపు నుండి చెప్పినది, ఇది దాత వైపు నుండి చెప్పింది.

మన చట్టం ఇప్పుడు చాలా తలుపులు తెరిచింది. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం బెంగాలుకూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ పరిమితం. 1925 నాటి భారత వారసత్వ చట్టం దేశానికంతటికీ పద్ధతి చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం ముప్పయ్యవ సెక్షనుతో, ఉమ్మడి ఆస్తిలో తన వాటాను కూడా వీలునామాలో వ్రాయవచ్చునన్నది. విజ్ఞానేశ్వరుడు మూసిన తలుపు అలా తెరుచుకొంది. క్రైస్తవుల విషయంలో ఒక విచిత్రమైన అడ్డు మిగిలి ఉండేది. దగ్గరి బంధువులున్నవారు ధర్మానికి వ్రాయాలంటే మరణానికి కనీసం పన్నెండు నెలల ముందే వ్రాసి ఉండాలని 118వ సెక్షను. ఎప్పుడు పోతామో తెలిసినవారికే కుదిరే చట్టం! దాన్ని 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుకొంటే మేలు. తప్పనిసరి అయినది, సంతకానికి ఇద్దరు సాక్షులు. ఈ ఇద్దరి మాట చదివినప్పుడు లెక్కల సారు మళ్లీ గుర్తుకు వచ్చారు. చట్టం దృష్టిలో చెరువుకట్ట మీద ఆయన అన్నది ఏమీ కాదు. సాక్షి ఒక్కడు, కాగితం లేదు. అంతేకాదు, ‘మన బడి లైబ్రరీకి’ అన్న మాటలోనే చిక్కుంది. జిల్లా పరిషత్తు బడికి డబ్బు ఇస్తే ఎవరి చేతికి ఇవ్వాలి? ప్రధానోపాధ్యాయుడు బదిలీ అవుతాడు. పిల్లలు తగ్గితే బడిని పక్క బడిలో కలుపుతారు. అప్పుడా పుస్తకాలెవరివి? వడ్డీతో పుస్తకాలు కొనాలా, అసలుతో బీరువా కొనాలా? పచ్చయప్ప వ్యవహారం లక్ష రూపాయల్లో కూడా జరుగుతుంది.

ఇవన్నీ చదివిన తరువాత, కిందటి నెల వారి పెద్దబ్బాయి ఇంటికి వెళ్లాను. నాలుగేళ్ల కిందట చెప్పవలసినది చెప్పాను. అతడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నాడు: “అప్పుడే చెప్తే అయిపోతుండె గద సారూ. అప్పుడు బాపు పైసలు బ్యాంకుల ఉండె. ఇప్పుడు ఇంటికి పెట్టినం.” కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆ ఇంట్లో దయ అనుకొని నేను దాచినది వారి తండ్రి చివరి కోరికను. దాన్ని తీర్చే అవకాశం కూడా ఆ పిల్లలకు లేకుండా చేశాను. వారిని అనడానికి ఏమీ లేదు. లేచి వస్తుంటే గేటు దాకా వచ్చి, “జర టైం ఇయ్యుండ్రి సారూ” అన్నాడు. నేను అడగడానికి వెళ్లలేదు బిడ్డా, చెప్పడానికి వచ్చాను అన్నాను.

మా ఇద్దరి కాగితం ఇప్పుడు వ్రాస్తున్నాను. ఇల్లు నా జీతంతో, పి.ఎఫ్. అప్పుతో కట్టినది కాబట్టి పితృార్జితపు పేచీ లేదు. ఇల్లు కొడుకుకూ కూతురికీ సమానం. పుస్తకాలు, ఒక డిపాజిట్టు మాత్రం గ్రంథాలయానికి. బడికని కాక, చట్టప్రకారం ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థకని వ్రాయాలా, ప్రత్యేకంగా చిన్న ట్రస్టు పెట్టాలా అన్నది ఒక వకీలుగారితో మాట్లాడుతున్నాను. ఆయన సలహా: సంస్థ పూర్తి పేరు, చిరునామా, రిజిస్ట్రేషను వివరం వ్రాయాలి, అది లేకపోయిన పక్షంలో ఏ పనికి పోవాలో కూడా వ్రాయాలి. పిల్లలిద్దరినీ దసరాకు పిలిచి ముసాయిదా చదివి వినిపించాను. కూతురు డిక్షనరీలు తనకు కావాలన్నది. సూర్యరాయాంధ్ర నిఘంటువు తనకు, మిగిలినవి గ్రంథాలయానికి అని దిద్దాను. కొడుకు డిపాజిట్టు సంగతి విని, “ఇప్పుడే ఇచ్చేయరాదు నాన్నా, మీరు చూస్తరు గద” అన్నాడు. వీరేశలింగం పంతులుగారిని వాడు చదివినట్లు నాకు గుర్తు లేదు. డిపాజిట్టులో సగం ఈ ఏడే ఇస్తున్నాము.

కాగితంలో ఒక చోటు ఇంకా ఖాళీగా ఉంది. నిర్వాహకుడి పేరు వ్రాశాను, మా అల్లుడు. అతడి తరువాత ఎవరన్నది వ్రాయలేదు. ఇద్దరు ముగ్గురి పేర్లు అనుకొని కొట్టివేశాను. వారిలో ఒకరు నాకంటె పెద్దవారన్నది పేరు వ్రాసిన తరువాత గాని తట్టలేదు.

తమ ఊళ్లలో ఇటువంటి పాత మరణశాసనాలు, సత్రాలకు గాని బడులకు గాని గ్రంథాలయాలకు గాని వ్రాసినవి, చూసినవారుంటే తెలియజేయగోరుతాను. దాత పేరుతోపాటు, ఆ మాటను నిలబెట్టినవారెవరో కూడా వ్రాస్తే మరీ సంతోషం.